అన్‌లిమిటెడ్ ప్యాక్‌లో లిమిట్ ఎక్కడుంది? నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో నెట్ నెమ్మదించడానికి అసలు కారణాలు

“వంద ఎంబీపీఎస్ అన్‌లిమిటెడ్ అని కట్టించుకున్నారు. రాత్రి తొమ్మిదైతే వీడియో తిరుగుతానే ఉంటది.” నెల్లూరు బాలాజీనగర్‌లో అడిగినా, ఒంగోలు లాయర్‌పేటలో అడిగినా, కావలి, సింగరాయకొండ వెళ్లి అడిగినా ఇంటి నెట్ గురించి వినిపించే మాట ఇదే. కంపెనీకి ఫోన్ చేస్తే “మీ డేటా లిమిట్ అయిపోయింది” అంటారు. కేబుల్ అతన్ని అడిగితే “పైనుంచే స్లో సార్” అంటాడు. టెక్నీషియన్ వస్తే నెట్ బాక్సు (మోడెం) ఆపి, మళ్లీ ఆన్ చేసి, “ఇప్పుడు చూడండి” అని వెళ్లిపోతాడు. ముగ్గురూ నిజమే చెబుతుండొచ్చు. కానీ ఆ రోజు మీ ఇంట్లో నెట్‌ను ఆపింది ఏదో ఒక్కటే. అదేదో తేలనంత కాలం మీ ఫిర్యాదు ఒకరి నుంచి ఇంకొకరికి తిరుగుతూనే ఉంటుంది.

ఇంటి నెట్ నాలుగు చోట్ల ఆగుతుంది. ప్యాక్‌లోని డేటా కోటా దగ్గర, మీ వీధి మొత్తం పంచుకునే పైలైను దగ్గర, స్తంభం మీదుగా ఇంట్లోకొచ్చే ఫైబర్ తీగ దగ్గర, ఇంట్లోని వైఫై దగ్గర. జనం కోపమంతా మొదటిదాని మీదే ఉంటుంది. నిజానికి మన ఊళ్లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది రెండోది. నాలుగూ ఒకేలా కనిపించినా ఒక్కోదానికీ ఒక్కో గుర్తు ఉంది.

కోటా లెక్క

ప్యాక్ పేరులో అన్‌లిమిటెడ్ అని ఉన్నా, కింద చిన్న అక్షరాల్లో ఫెయిర్ యూసేజ్ పాలసీ వర్తిస్తుందని రాసి ఉంటుంది. వాడుకలో దీన్నే ఎఫ్‌యూపీ అంటారు. నెలకు ఇన్ని జీబీలు అసలు స్పీడుతో వస్తాయి, అవి అయిపోతే నెట్ ఆగదు గానీ 1, 2 లేదా 4 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. అన్‌లిమిటెడ్ అన్న మాటను కంపెనీలు ఈ అర్థంలోనే వాడుతున్నాయి.

కోటాలు ఎలా మారాయో చూస్తే ఇప్పటి పరిస్థితి అర్థమవుతుంది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్ మూడూ ఇచ్చారు. ఆ బేసిక్ ప్యాక్‌లో 15 ఎంబీపీఎస్ స్పీడు 5 జీబీ వరకే. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ 699 రూపాయల ప్యాక్ పెట్టినప్పుడు కూడా అసలు కోటా 100 జీబీయే. కొత్తవాళ్లకు కొన్ని నెలలు ఇంకో 50 జీబీ కలిపేవారు. ఏడాది తిరిగేసరికి, 2020 ఆగస్టు చివర్లో, అదే కంపెనీ 399 రూపాయల నుంచి అన్‌లిమిటెడ్ ప్యాక్‌లు తెచ్చింది. వాటి అసలు హద్దు నెలకు 3,300 జీబీ. ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ ఫైబర్ ప్యాక్‌లు చాలావరకు ఇదే అంకె దగ్గర నిలబడ్డాయి. పై ధరలన్నిటికీ 18 శాతం జీఎస్టీ కలపాలి. 399 ప్యాక్‌కు మీ చేతి నుంచి వెళ్లేది 470 రూపాయల 82 పైసలు.

3,300 జీబీ అంటే రోజుకు 110 జీబీ. మామూలు కుటుంబం దీన్ని దాటదు. 30 ఎంబీపీఎస్ ప్యాక్‌లో రాత్రింబవళ్లు ఆపకుండా డౌన్‌లోడ్ చేసినా రోజుకు వచ్చేది 324 జీబీ, కోటా అయ్యేందుకు పది రోజులు పడుతుంది. కాబట్టి పెద్ద కంపెనీ ఫైబర్ ప్యాక్ ఉన్నవాళ్లకు “డేటా అయిపోయింది” అన్న జవాబు వస్తే దాన్ని వెంటనే నమ్మకండి. యాప్‌లో వాడకం ఎంతో చూడండి. అక్కడ 400 జీబీ అని కనిపిస్తుంటే సమస్య ఇంకెక్కడో ఉంది.

కోటా నిజంగా ఇబ్బంది పెట్టేది మూడు చోట్ల. తీగ లేకుండా మేడ మీద యాంటెన్నా పెట్టి ఇచ్చే ఎయిర్‌ఫైబర్ కనెక్షన్లకు సాధారణంగా 1,000 జీబీ హద్దు ఉంటుంది. వింజమూరు, ఉదయగిరి వైపు ఫైబర్ అందని ఊళ్లలో ఇదే దిక్కు. రెండోది స్థానిక కేబుల్ ఆపరేటర్ల ప్యాక్‌లు. వీటిలో కోటా కాగితం మీద ఉండదు, అడిగితే గానీ చెప్పరు, ఒక్కో ఆపరేటరుది ఒక్కో లెక్క. మూడోది సిమ్ వేసుకునే రౌటర్లు. రోజుకు 1.5 లేదా 2 జీబీ, అది దాటితే 64 కేబీపీఎస్ (వెయ్యి కేబీపీఎస్ అయితే ఒక ఎంబీపీఎస్) ఇచ్చే ప్యాక్‌లే ఎక్కువ. ఆ స్పీడుకు వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి, ఫోటో తెరుచుకోవడం కష్టం.

ప్యాక్ తీసుకునేటప్పుడు కోటా ఎంత అని అడగడం కంటే, అయిపోయాక స్పీడు ఎంత అని అడగడం ముఖ్యం. 2 ఎంబీపీఎస్ దగ్గర యూట్యూబ్ 480పీ ఆడుతుంది, పిల్లల క్లాసు నడుస్తుంది. ఆ స్పీడుతో రోజంతా వాడినా ఇంకో 21 జీబీ వరకు వస్తుంది. అదే 512 కేబీపీఎస్‌కు పడితే బ్యాంకు పేజీ తెరుచుకోవడానికే ఓపిక కావాలి. తీగ ద్వారా ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్‌లో కోటా తర్వాత స్పీడును 512 కేబీపీఎస్ కంటే తగ్గించకూడదని, కోటా దగ్గరపడుతున్నప్పుడూ అయిపోయినప్పుడూ వినియోగదారుడికి తెలియజేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఆదేశించింది. ఆ నాటికి దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస స్పీడు కూడా 512 కేబీపీఎస్సే. 2023 జనవరిలో ఆ నిర్వచనాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. కోటా దాటినవాడికి కూడా బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకునేంత స్పీడు దక్కడమే న్యాయం. 2 ఎంబీపీఎస్ కంటే తక్కువకు దించే ప్యాక్‌ను ఏ ధరకైనా తీసుకోవద్దనే చెబుతాం.

ఆ జీబీలు ఎటు పోతున్నాయి

1,000 జీబీ కోటాను 30 రోజులకు పంచితే రోజుకు 33 జీబీ. టీవీలో హెచ్‌డీ సినిమా గంటకు దాదాపు 3 జీబీ తింటుంది, 4కే అయితే 7 జీబీ దాకా. సాయంత్రం నాలుగు గంటలు హెచ్‌డీ చూస్తే 12 జీబీ, అదే 4కే చూస్తే 28 జీబీ. 4కే చూసే ఇంట్లో టీవీ ఒక్కటే నెలకు 840 జీబీ మింగేస్తుంది. 43 అంగుళాల టీవీని పది అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు హెచ్‌డీకీ 4కేకీ తేడా పెద్దగా తెలియదు. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ సెట్టింగుల్లో డేటా వాడకాన్ని మీడియంకు మార్చడం (బొమ్మ హెచ్‌డీ కంటే కాస్త తగ్గుతుంది), యూట్యూబ్‌లో క్వాలిటీ 1080పీ దగ్గర ఆపడం ఒక్క నిమిషం పని. దాంతో సగానికి పైగా మిగులుతుంది.

జనం లెక్కలోకి తీసుకోనిది అప్‌లోడ్. మీ ఇంట్లోంచి బయటికి వెళ్లే డేటా కూడా కోటాలో కలుస్తుంది. ఇక్కడ పెద్ద దొంగ సీసీ కెమెరా. 2 ఎంబీపీఎస్‌తో క్లౌడ్‌కు నిరంతరం పంపే కెమెరా ఒక్కటి రోజుకు 21.6 జీబీ, నెలకు దాదాపు 650 జీబీ ఎక్కిస్తుంది. గేటు దగ్గరొకటి, మేడ మీదొకటి పెట్టుకుంటే 1,000 జీబీ కోటా ఇరవై నాలుగు రోజులు కూడా ఆగదు. ఇంట్లోవాళ్లు ఒక్క సినిమా చూడకపోయినా అంతే.

తీరం వెంబడి ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం మండలాల్లో రొయ్యల చెరువుల దగ్గర ఇది ఇంకా ఇబ్బంది పెడుతుంది. చెరువు గట్టున కాపలా కెమెరాకు సిమ్ రౌటరు పెడతారు. కెమెరా 1 ఎంబీపీఎస్‌తో పంపినా 2 జీబీ రోజు కోటా నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. తెల్లవారుజామున నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు ఆగిందో లేదో చూద్దామని ఫోన్ తెరిస్తే బొమ్మ రాదు. అప్పుడు సిమ్ మార్చి లాభం లేదు, కెమెరా తీరు మార్చాలి. రికార్డింగు మొత్తం కెమెరాలోని మెమరీ కార్డుకు వెళ్లాలి. 1 ఎంబీపీఎస్ లెక్కన 128 జీబీ కార్డులో పదకొండు రోజుల దృశ్యం పడుతుంది. క్లౌడ్‌కు కదలిక ఉన్నప్పుడు మాత్రమే పంపేలా పెట్టాలి. ఫోన్‌లో చూసేందుకు పూర్తి నాణ్యత మెయిన్ స్ట్రీమ్ బదులు తక్కువ నాణ్యత సబ్ స్ట్రీమ్ ఎంచుకుంటే 256 నుంచి 512 కేబీపీఎస్ సరిపోతుంది. కెమెరాలో వీడియోను కుదించే పద్ధతుల్లో హెచ్.265 ఉంటే హెచ్.264 నుంచి దానికి మార్చండి, అదే నాణ్యతకు డేటా బాగా తగ్గుతుంది. గట్టు మీద గాలికి ఊగే చెట్టు కొమ్మ, నీళ్లు చిమ్మే ఏరియేటరు ఫ్రేములో ఉంటే కదలిక గుర్తింపు రోజంతా మోగుతూనే ఉంటుంది. ఆ భాగాన్ని సెట్టింగుల్లో గీత గీసి తీసేయాలి.

మిగతావి చిన్నవే. ఫోన్లలో గూగుల్ ఫోటోస్ బ్యాకప్, ప్లే స్టోర్ అప్‌డేట్లు, ఎవరూ చూడకుండా దానంతట అదే ఒకదాని వెనుక ఒకటి ఆడే వీడియోలు. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటి ఉంది, ఆన్‌లో ఉంటే మీ కంప్యూటరు ఇతరులకు అప్‌డేట్లు పంపుతుంది, ఆపేయండి. బాక్సు పేజీలో ఎన్ని పరికరాలు కలిసి ఉన్నాయో చూడండి. మీ ఇంట్లో ఆరు ఫోన్లుంటే అక్కడ పదకొండు కనిపిస్తే పాస్‌వర్డ్ పక్కింటికి చేరిందని అర్థం.

టాప్-అప్ వేయించుకున్నా స్పీడు పెరగకపోవడం తరచూ ఎదురయ్యే ఇంకో చిక్కు. కంపెనీ సర్వరు మీ లాగిన్‌ను ఒక సెషన్‌గా లెక్కిస్తుంది. కొన్ని చోట్ల కొత్త స్పీడు ఆ సెషన్ తెగి మళ్లీ కలిస్తే గానీ అమలు కాదు. బాక్సును రెండు నిమిషాలు ఆపి ఆన్ చేస్తే సరిపోతుంది. కోటా మళ్లీ నిండేది నెల ఒకటో తేదీన కాదు, మీ బిల్లింగ్ తేదీన. ఆ తేదీ యాప్‌లో ఉంటుంది.

రాత్రి తొమ్మిది గంటల సమస్య

ఫైబర్ తీగలో డేటా పారితే తీగ అరగదు. కంపెనీకి ఖర్చు నెలకు ఎన్ని జీబీలు పారాయన్నదాన్ని బట్టి కాదు, రద్దీ గంటల్లో ఒకేసారి ఎంత పారించాలన్నదాన్ని బట్టి ఉంటుంది. తెల్లవారుజామున రెండింటికి మీరు 100 జీబీ గేమ్ డౌన్‌లోడ్ చేస్తే ఎవరికీ నష్టం లేదు, అప్పుడు లైను ఖాళీగా ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి చూసే ఒక్క సినిమా పైలైను మీద భారమే. కోటా మాత్రం రెండింటినీ ఒకేలా కోస్తుంది. అందుకే డేటా కోటా రద్దీకి మందు కాదు. ఇంటి ప్యాక్ తీసుకుని లాడ్జీకి, హాస్టల్‌కు పంచేవాళ్లను ఆపడానికి అది పనికొస్తుంది. తీగ లేని ఎయిర్‌ఫైబర్‌లో టవరు గాలి తరంగాలు పరిమితం కాబట్టి అక్కడ హద్దుకు కొంత న్యాయం ఉంది. ఇంటి ఫైబర్‌కు ఆ న్యాయం బలహీనం.

ఇప్పుడు పైలైను లెక్క చూడండి. ఒక ఆపరేటరు 1 జీబీపీఎస్ (1,000 ఎంబీపీఎస్) లైను కొని 400 ఇళ్లకు తలా 50 ఎంబీపీఎస్ ప్యాక్ అమ్మాడనుకుందాం. అమ్మింది 20 జీబీపీఎస్, ఉన్నది ఒకటి. ఇందులో మోసమేమీ లేదు, అందరూ ఒకేసారి వాడరు కాబట్టి ప్రపంచమంతా ఇలాగే నడుస్తుంది. కానీ హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్ కావాలి. రాత్రి 200 ఇళ్లలో టీవీలు ఆడితే చాలు, 1,000 ఎంబీపీఎస్ నిండిపోయినట్టే. ఎవరూ తన 50 వాడకుండానే అందరికీ తిరుగుడు మొదలవుతుంది. ఐపీఎల్ మ్యాచ్ సాయంత్రం ఏడున్నరకు మొదలైన రోజున ఇంకా ముందే. ఆపరేటరు కొత్త కనెక్షన్లు ఇస్తూ పోయి పైలైను పెంచకపోతేనే తప్పు. ట్రాయ్ 2006లో చేసిన సేవా నాణ్యత నియమాల్లోనే రద్దీ గంటల్లో లైను వాడకం 80 శాతం దాటకూడదని, 90 దాటితే అది రద్దీగా ఉన్న లైనేనని రాశారు. అంటే ఇది వినియోగదారుడి గొంతెమ్మ కోరిక కాదు, ఎప్పటి నుంచో ఉన్న కొలత.

దీన్ని కప్పిపుచ్చే విషయం ఒకటుంది. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు తమ వీడియోల నకళ్లు పెట్టుకునే సర్వర్లను పెద్ద నెట్ కంపెనీల దగ్గరే ఉంచుతాయి. అందువల్ల యూట్యూబ్ బాగా ఆడుతుంది, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్కుకు కలిపే వీపీఎన్ మాత్రం పాకుతుంది. టెక్నీషియన్ ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి “చూడండి, 98 వస్తోంది” అంటాడు. ఆ టెస్ట్ తమ కంపెనీ సర్వరునే ఎంచుకుని ఉంటుంది. ఆ అంకె మీ ఇంటి నుంచి వాళ్ల గది దాకా లైను బాగుందని చెబుతుంది, అంతే. టెస్టులో సర్వరు మార్చి, చెన్నైలోనో హైదరాబాదులోనో వేరే కంపెనీ సర్వరు పెట్టి కొలవాలి. స్పీడు కొలిచే ఫాస్ట్ డాట్ కామ్ సైటు నెట్‌ఫ్లిక్స్ వాళ్లది, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్లతోనే కొలుస్తుంది. సొంత కంపెనీ సర్వరు అంకెకూ బయటి సర్వరు అంకెకూ పెద్ద తేడా వస్తే తప్పు మీ ఇంట్లో లేదు, పైలైనులో ఉంది.

స్తంభం నుంచి బాక్సు దాకా

మన వీధుల్లో ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. నెల్లూరు వైపు ఆ స్తంభాలు ఏపీఎస్పీడీసీఎల్‌వి, ఒంగోలు వైపు ఏపీసీపీడీసీఎల్‌వి. స్తంభం మార్చినా, కొమ్మలు కొట్టినా, గడ్డి లారీ తగిలినా ముందు తెగేది ఫైబరే. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వస్తే చెప్పనే అక్కర్లేదు. పూర్తిగా తెగితే బాక్సు మీద లాస్ (LOS) అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతుంది. అదైతే ఎవరూ కాదనలేరు. సగం దెబ్బతిన్న తీగతోనే చిక్కంతా. లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి, నెట్ మాత్రం వచ్చిపోతుంటుంది.

దీన్ని తేల్చే కొలత ఆప్టికల్ పవర్, అంటే తీగలోంచి బాక్సుకు అందుతున్న కాంతి. టెక్నీషియన్లు “డీబీ ఎంత వస్తోంది” అనేది దీన్నే. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, బాక్సు వెనుక స్టిక్కరు మీదున్న పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితే పాన్ (PON) లేదా ఆప్టికల్ అన్న పేజీలో అదే ఆర్ఎక్స్ పవర్ పేరుతో కనిపిస్తుంది. అది మైనస్ అంకె. మైనస్ 18 బాగున్నట్టు, మైనస్ 25 అంటే అంచు మీద ఉన్నట్టు, మైనస్ 27 దాటితే బాక్సు సిగ్నల్ పట్టుకోలేదు. ప్రతి 3 డీబీకీ కాంతి సగమవుతుంది.

ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తే తప్పు ఎక్కడో ఊహించవచ్చు. ఆపరేటరు గదిలోని యంత్రం నుంచి కాంతి ప్లస్ 3 దగ్గర బయలుదేరిందనుకుందాం. ఒక తీగను 32 ఇళ్లకు చీల్చే స్ప్లిట్టరు దాదాపు 17 తీసుకుంటుంది. ఐదు కిలోమీటర్ల తీగకు ఒకటిన్నర, అతుకులకు, కనెక్టర్లకు ఇంకో ఒకటిన్నర. మైనస్ 17తో ఇల్లు చేరాలి. మీ బాక్సులో మైనస్ 26 కనిపిస్తోందంటే 9 డీబీ ఎక్కడో కారిపోతోంది. సాధారణంగా కారే చోట్లు ఇవి: తెగిన తీగను మెషీన్‌తో అతకకుండా చేతి కనెక్టర్లు, వాటిని జతచేసే కప్లరు పెట్టి కలిపిన జాయింటు. మెషీన్ అతుకుకు 0.1 కంటే తక్కువ పోతే, చేతి కనెక్టరుకు అర డీబీ, మురికి చేరితే ఇంకా ఎక్కువ పోతుంది. ఆకుపచ్చ కనెక్టరును నీలం కప్లరులో దూర్చడం ఇంకోటి. ఆకుపచ్చదాని మొన 8 డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలందానితో సరిగ్గా ఆనదు. ఇక ఇంట్లో కిటికీ సందులో నలిగిన తీగ, మిగిలిందని మేకుకు గట్టిగా చుట్టి కట్టిన తీగ. చుట్టు వ్యాసం 6 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంచండి. కనెక్టరు మొనను వేలితో ముట్టుకోవద్దు, పీకిన ఫైబర్ చివరలోకి కన్ను పెట్టి చూడవద్దు. ఆ కాంతి కంటికి కనిపించదు గానీ హాని చేయొచ్చు.

కరెంటు పోయినప్పుడు నెట్ పోవడానికి కూడా రెండు కారణాలున్నాయి. ఇంటి దాకా ఫైబరే వస్తుంటే మధ్యలో స్ప్లిట్టరుకు కరెంటు అక్కర్లేదు. మీ బాక్సుకు 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకుంటే చాలు, ఆపరేటరు గదిలో బ్యాటరీ ఉన్నంతసేపు నెట్ నడుస్తుంది. కొనేముందు మీ అడాప్టరు మీద ఎన్ని ఆంపియర్లో చూసి అంతకు తగ్గనిది కొనండి. అపార్టుమెంటు మేడ మీద నెట్‌ను ఫ్లాట్లకు పంచే స్విచ్ పెట్టె పెట్టి అక్కడి నుంచి ల్యాన్ వైరు దించి ఉంటే మాత్రం మీ ఇన్వర్టరు పనికిరాదు, ఆ స్విచ్‌కు కరెంటు కావాలి. ఇలాంటి చోట ఆపరేటరును ఫైబర్‌ను నేరుగా ఫ్లాటులోకి లాగమని అడగాలి.

వైఫై సంగతి రెండు మాటల్లో. ఆపరేటర్లు ఉచితంగా ఇచ్చే పాత బాక్సుల్లో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉంటుంది, పక్కిళ్ల వైఫైలన్నీ అదే దారిలో ఉంటాయి. చానెల్‌ను ఆటో నుంచి తీసి 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి మార్చండి, వీలైతే 5 గిగాహెర్ట్జ్ ఉన్న రౌటరు హాలు మధ్యలో పెట్టండి. పాత బాక్సుల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌ది. దాని మీద 200 ఎంబీపీఎస్ ప్యాక్ కట్టినా 94, 95 దగ్గరే ఆగుతుంది. ప్యాక్ పెంచినవాళ్లు బాక్సు మార్చమని కూడా అడగాలి.

తప్పు ఎక్కడో తేల్చడం

ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో బాక్సుకు కలిపి కొలవండి. వైఫైలో తీసిన అంకెను ఏ కంపెనీ ఒప్పుకోదు. మూడు రోజులు తెల్లవారి ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి, ఒకే సర్వరు పెట్టి కొలిచి స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. వైరుతో బాగుండి వైఫైలో మాత్రం పడిపోతే ఇంట్లో సమస్య. పొద్దున 95 వచ్చి రాత్రి 12 వస్తే, పింగ్ (సర్వరు నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) కూడా 15 మిల్లీసెకన్ల నుంచి 120కి ఎగబాకితే అది పైలైను రద్దీ. పొద్దున, రాత్రి, అర్ధరాత్రి తేడా లేకుండా గీత గీసినట్టు 2 దగ్గరో 4 దగ్గరో నిలబడితే అది కోటా, బిల్లింగ్ తేదీన దానంతట అదే లేస్తుంది. వేళాపాళా లేకుండా తెగిపోతూ, వాన పడితే ఇంకా ఎక్కువైతే తీగ. అప్పుడు ఆర్ఎక్స్ పవర్ పేజీ ఫోటో తీయండి. బాగున్న రోజున కూడా ఆ పేజీ ఫోటో ఒకటి తీసి దాచుకుంటే తర్వాత పోల్చడానికి అదే ఆధారం.

ఫిర్యాదు ఎవరికి చేయాలో కూడా చాలామందికి స్పష్టంగా ఉండదు. కనెక్షన్ ఇచ్చిన కేబుల్ అతను తరచూ ఫ్రాంచైజీ మాత్రమే. లైసెన్సు వేరే కంపెనీ పేరు మీద ఉంటుంది. ఆ పేరు బిల్లు మీద ఉంటుంది. బిల్లు ఇవ్వకపోతే, మీ ఐపీ చిరునామా ఎవరిదో చూపించే వెబ్‌సైటులో కనిపిస్తుంది. 2012 నాటి ట్రాయ్ నియమాల ప్రకారం ఆ కంపెనీ ఫిర్యాదు నమోదైనట్టు డాకెట్ నంబరు ఇవ్వాలి. కేబుల్ అతనికి చేసిన ఫోను లెక్కలోకి రాదు, డాకెట్ నంబరు ఉంటేనే వస్తుంది. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేయొచ్చు. వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి.

ఫిర్యాదులో “నెట్ స్లో” అని రాస్తే బాక్సు రీస్టార్ట్ చేయమన్న జవాబే వస్తుంది. ఇలా రాయండి: “100 ఎంబీపీఎస్ ప్యాక్. ల్యాన్ వైరుతో కొలిచాం. వరుసగా మూడు రోజులు ఉదయం 6కు 92 నుంచి 95, రాత్రి 9కి 10 నుంచి 14. కోటాలో ఇంకా 2,100 జీబీ ఉంది. ఆర్ఎక్స్ పవర్ మైనస్ 19. రద్దీ గంటల్లో పైలైను వాడకం ఎంతో తెలిపి, సరిచేసే తేదీ రాతపూర్వకంగా ఇవ్వగలరు.” ఇంత రాశాక మీ వైఫై మీదో, మీ వాడకం మీదో తోసేయడం కష్టం.

అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. టెలికాం గొడవలు కమిషన్ల పరిధిలోకి రావని కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే కేసు వేయడానికి ఫీజు లేదు. ఇంటి నెట్ కేసులన్నీ ఆ లోపే ఉంటాయి.

కంపెనీ మారాలనుకుంటే ఆరు నెలల ప్యాక్ తక్కువకు వస్తుందని మొదటే కట్టేయకండి. ముందు ఒక నెల కట్టి, పాత కనెక్షన్ ఉండగానే రెండిటినీ రాత్రి తొమ్మిదింటికి పక్కపక్కన కొలవండి. పక్క వీధిలో బాగుందన్న మాట మీ వీధికి వర్తించదు, స్ప్లిట్టరు వేరు, పైలైను కూడా వేరు కావచ్చు. కోటా ఎంత, దాటాక స్పీడు ఎంత, అప్‌లోడ్ స్పీడు ఎంత, బాక్సు అద్దెదా సొంతమా, డిపాజిట్ ఎప్పుడు వెనక్కొస్తుంది అన్నవి కొత్త ఆపరేటరును వాట్సాప్‌లోనే అడిగి జవాబు రాతలో తీసుకోండి. బయటి నుంచి డీవీఆర్ (కెమెరా రికార్డరు) చూసుకోవాల్సినవాళ్లు పబ్లిక్ ఐపీ, అంటే మీ ఇంటికి విడిగా ఒక నెట్ చిరునామా, ఇస్తారా అని కూడా అడగాలి. బాక్సులో వాన్ (WAN) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే ఒకే ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నారన్నమాట, బయటి నుంచి డీవీఆర్‌కు దారి ఇచ్చే పోర్ట్ ఫార్వర్డింగు పనిచేయదు. పాత కనెక్షన్ మూసేటప్పుడు బాక్సు సీరియల్ నంబరు, అడాప్టరు కనిపించేలా ఫోటో తీసి, అప్పగించినట్టు రసీదు తీసుకున్నాకే ఇవ్వండి.